మతం వేరైతే మనం వేరా?



మన వాడల్లో ఆదివారం ప్రార్థనకు పోయేవారున్నారు. త్రిశరణాలు చెప్పుకునే బౌద్ధులూ ఉన్నారు. ఒక్కోసారి ఈ ఇద్దరి మధ్య మాటామాటా పెరుగుతుంది. "మీ తాతలు కరువులో గంజి కోసం కలిశారు" అని ఒకరంటే, "మీరు రిజర్వేషన్ పోని మతం చూసుకున్నారు" అని మరొకరంటారు. ఈ రెండు మాటల్లో నిజమెంతో చూద్దాం.

మన నెమలిగుండ్ల మీదుగా పారే గుండ్లకమ్మనే తీసుకోండి. ఆ ఏటి ఒడ్డున, దొనకొండ మండలం చందవరంలో శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం ఉంది. కనుక బౌద్ధం మన నేలకు కొత్త కాదు. అదే ఏటిలో ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పని గుత్తకు తీసుకొని కూలి ఇప్పించారు. కానీ తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. కాబట్టి గంజి మాట నిలవదు.

ఇక రెండో మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను చేర్చారు. డాక్టర్ అంబేద్కర్ నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించింది 1956 అక్టోబర్ 14న. బౌద్ధులకు ఆ హోదా వచ్చింది 1990లో. అంటే బౌద్ధులమని చెప్పుకున్నవారు 34 ఏళ్లు ఆ హోదా లేకుండానే నిలబడ్డారు. రిజర్వేషన్ కోసమైతే అలా చేస్తారా?

అసలు చిక్కు చట్టంలో ఉంది. క్రైస్తవులైన దళితులకు నేటికీ ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వారు బీసీ-సి. ఎస్సీలకు 15 శాతం, బీసీ-సికి 1 శాతం. అందుకే ఒకే ఇంట్లో గుండెలో ఒక మతం, సర్టిఫికెట్‌లో మరో మతం ఉంటున్నాయి. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఎస్సీ హోదాకు మతంతో ముడి తీసేయమంది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఎస్సీల వాటా తగ్గుతుందని భయపడేవారూ ఉన్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా, వాటా పెంపు గురించి కూడా కలిసి అడగాలి.

తమ్ముళ్లారా! ఊళ్లో గ్లాసు వేరుగా పెట్టినవాడు మన మతం అడగలేదు, కులమే చూశాడు. అక్కడ నుంచి బయటపడేందుకే ఒకరు బైబిలు పట్టారు, ఒకరు పంచశీల పట్టారు. సిద్ధాంతం మీద ఎంతైనా వాదించుకోండి, అది చదువుకున్నవారి లక్షణం. కానీ తోటివాడి సర్టిఫికెట్‌ను ఆయుధంగా వాడకండి. ఆ కాగితం పోతే పోయేది ఒక మతం కాదు, ఒక బిడ్డ చదువు.

జై భీమ్!