కబాబ్ బొగ్గులు: ఎంపిక, రాజేయడం, జాగ్రత్తలు

బక్రీద్ రోజుల్లో వేలూరు, గుడియాత్తం ఇళ్ళలో డాబా మీద సీఖ్ కబాబ్ కాల్చుకోవడం మామూలే. మసాలా మీద పెట్టే శ్రద్ధలో సగమైనా బొగ్గుల మీద పెట్టము. ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరు కారణాలను యునానీలో అస్బాబె సిత్తా జరూరియా అంటారు. వాటిలో మొదటిది గాలి, రెండవది ఆహార పానీయాలు. బొగ్గుల పొయ్యి సరిగా లేకపోతే ఈ రెండూ ఒకేసారి చెడతాయి.

ఇక్కడి దుకాణంలో ‘కరి’ అంటే బొగ్గు, కసాయి దగ్గర ‘కరి’ అంటే మాంసం. తమిళంలో ‘ర’ వేరు గానీ మన చెవికి రెండూ ఒకటే! తమిళనాడులో కట్టెబొగ్గు ఎక్కువగా సీమ కరువేలం, అంటే మన సర్కారు తుమ్మ, నుంచి వస్తుంది. రెండు ముక్కలు తట్టి చూడండి. బాగా కాలిన బొగ్గు ఖంగుమంటుంది, విరిచిన చోట మెరుస్తుంది. గోధుమరంగు కనిపిస్తే అది సగం కాలిన కట్టె, కళ్ళు మండించే పొగ ఇస్తుంది. తడి బొగ్గు చిటపటలాడి నిప్పురవ్వలు ఎగజిమ్ముతుంది కనుక ముందురోజు ఎండలో పోయండి. కొబ్బరి చిప్పల బొగ్గు కూడా మంచిదే. రాతిబొగ్గు, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు మాత్రం వద్దు.

కిరోసిన్, పెట్రోలు పోయకండి. ఆ వాసన మాంసానికి పడుతుంది, మంట ముఖం మీదికి లేస్తుంది. అడుగు తీసేసి, కింది అంచు చుట్టూ రంధ్రాలు చేసిన పాత రేకు డబ్బాను పొయ్యిలో నిలబెట్టండి. అడుగున కొబ్బరి పీచు, కాగితం, పైన బొగ్గులు వేసి కింద నుంచి వెలిగించండి. గాలి తానే పైకి లాగుతుంది, విసనకర్రతో పని లేదు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు బొగ్గులపై తెల్లని నివురు పడుతుంది. అప్పుడు పట్టకారుతో డబ్బా తీసి, బొగ్గులు పరచి సీఖులు పెట్టండి. కొవ్వు కారి నిప్పుల మీద పడితే లేచే నల్లపొగలో క్యాన్సర్ కారక పదార్థాలుంటాయి. అందుకే కొవ్వు ముందే తీసేయండి, మాడిన అంచులు కోసి పారేయండి.

అసలు ప్రమాదం పొగ పోయాకే మొదలవుతుంది. నివురుగప్పిన నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 2024 ఆగస్టులో కొడైకెనాల్‌లో చికెన్ కాల్చుకున్న పొయ్యిని చలికి గదిలోనే ఉంచుకుని పడుకున్న ఇద్దరు యువకులు తెల్లవారేసరికి చనిపోయారు. వాన వచ్చిందని పొయ్యిని వరండాలోకో, మెట్ల గదిలోకో జరిపే అలవాటు మనకూ ఉంది. బాలింత మంచం కింద కుంపటి పెట్టి తలుపులు మూసే ఆచారమూ ఇలాంటిదే. పెద్దలు ఏమన్నా సరే, అది మానాలి. వెచ్చదనానికి దుప్పటి చాలు. లోబాన్ వేస్తే తలుపు తెరిచి ఉంచి, వెంటనే నిప్పు బయట పెట్టండి.

ఇంట్లో ఒక్కరికి కాక పలువురికి ఒకేసారి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వస్తే పైత్యమనీ, కబాబ్ అరగలేదనీ జోషాందా కాచుతూ కూర్చోకండి. అందరినీ ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. దీనికి మందు ఆస్పత్రిలో ఇచ్చే ఆక్సిజనే, యునానీలో వేరే విరుగుడు లేదు. కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మవద్దు. ఈ వాయువును అది ఆక్సిజన్‌గానే లెక్కిస్తుంది.

కాల్చిన మాంసం గుణం వేడి, పొడి. సఫ్రావీ మిజాజ్ వారు రెండు సీఖులతో ఆపి, పెరుగు ఎక్కువగా తీసుకోవాలి. మిగిలిన నిప్పులను రేకు డబ్బాలో వేసి గట్టిగా మూతపెట్టి, రాత్రంతా ఆరుబయటే ఉంచండి. చల్లారిన ఆ బొగ్గులు మరోసారికి పనికొస్తాయి, కొత్తవాటికంటే త్వరగా అంటుకుంటాయి కూడా.