భుజం మీది మూడు సింహాలు



మీ నాయనమ్మ కాళ్ల నొప్పులు కాస్త తగ్గినయి. నాటకం రిహార్సల్ అయినాక రాత్రిపూట పబ్లిక్ గార్డెన్స్ నుంచి బండి మీద తడుసుకుంటూ పోతున్నావని విన్నప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. రెయిన్‌కోటు కొనుక్కో.

మీ చిన్నత్త ఫోన్లో నీ ఫోటో చూపించింది. మేజర్ వేషం మీద ఉన్నావు. ఆబిడ్స్‌లో ఏదో ఏటీఎం ముందు కూర్చున్న ముసలి గార్డు స్టూలు మీంచి లేచి నీకు సెల్యూట్ చేస్తున్నాడు. నువ్వు నవ్వుతూ చెయ్యెత్తి తీసుకుంటున్నావు. ఇంట్లో అందరూ ముచ్చటపడ్డారు. నా కళ్లు మాత్రం ఆయన కాళ్ల దగ్గరే ఆగిపోయినయి. మడమలు రెండూ కలిసి ఉన్నాయి, ఎడమ పిడికిలి ప్యాంటు కుట్టు వెంబడి బిగిసి ఉంది. సినిమా చూసి నేర్చుకున్న సెల్యూట్ కాదు బిడ్డా అది. ఫౌజులో ఏళ్ల తరబడి పనిచేసిన చెయ్యి.

ఆయన నీ మొహం చూసి లేవలేదు. నీ భుజం మీది మూడు సింహాల ముద్ర చూసి లేచాడు. అసలు అది అక్కడ ఉండాల్సిందే కాదు. మీరు ఆడేది 1948 సెప్టెంబర్ 18 నాటి కథ, మేజర్ జనరల్ చౌధురి ముందు నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయిన రోజు. అప్పటికి మన సైన్యంలో మేజర్ భుజం మీద ఇంగ్లండు రాజు కిరీటమే ఉండేది. 1950 జనవరి 26న గణతంత్రం వచ్చినాకే కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చినయి. డ్రెస్ కంపెనీవాడు చేతికందింది ఇచ్చాడు, మీరు తొడుక్కున్నారు. కిరీటమే ఉండి ఉంటే ఆ ముసలాయన ఒక్క క్షణం ఆగి చూసేవాడు. చరిత్ర విషయంలో మీరు చేసిన తప్పే ఆయన చేత సెల్యూట్ చేయించింది. నాకు నిద్ర పట్టనిది అందుకే.

నేను 1964లో గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో చేరాను. అప్పటికి అదే చౌధురి గారు దేశం మొత్తానికి సైన్యాధ్యక్షుడు. సెల్యూట్ ఆఫీసరుకు కాదు, రాష్ట్రపతి ఆయనకిచ్చిన కమిషన్‌కు అని మా ఉస్తాద్ రోజూ చెప్పేవాడు. తల మీద టోపీ లేకుంటే చెయ్యి లేపనిచ్చేవాడు కాదు, సావధాన్‌లో నిలబడమనేవాడు. మొదటి సెలవుకు ఊరికి బయల్దేరి నాంపల్లి స్టేషన్‌కు నడుస్తున్నాను. ఎదురుగా ఎర్రకోటు, బంగారు జరీ, భుజాల మీద కుచ్చులు. చెయ్యి దానంతటదే లేచింది. ఆయన పెండ్లి బ్యాండు మేస్త్రీ. ఆయన నవ్వలేదు, నాకు తిరిగి సెల్యూట్ కొట్టలేదు. క్లారినెట్ చంకలో పెట్టుకుని, టోపీ తీసి, రెండు చేతులూ జోడించి, 'మేం బాజావాళ్లం బాబూ, మీరు చల్లగా ఉండాలె' అన్నాడు. ఎవరికీ వినబడకుండా మెల్లగా అన్నాడు, నా పరువు కాపాడటానికి. అరవై ఏళ్లు దాటినా ఆ గొంతు నాకు వినిపిస్తనే ఉంది.

నువ్వూ అంతే చేయి. వేషంలో ఉండగా ఎవరన్నా సెల్యూట్ చేస్తే చెయ్యి లేపకు. మొహం తిప్పుకుని పోవడం ఇంకా తప్పు. ఆగు, టోపీ తీయి, నమస్కారం పెట్టు, నాటకం మనిషినని మెల్లగా చెప్పు. నమస్కారం చిన్నదనుకోకు. నెత్తిన దస్తార్, నడుముకు బగ్లూస్ లేనిదే దర్బారుకు రానివ్వని నిజామే 1949 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్‌కు చేతులు జోడించాడు. ఆ ఫోటో నువ్వు చూసే ఉంటావు. జోడించిన చేతులకు హోదా ఉండదు. అందుకే అవి ఏ వేషంలోనైనా అబద్ధం కావు.

స్టేజీ దిగి చాయ్‌కి పోయేటప్పుడు పైన మామూలు చొక్కా తొడుక్కో. ఛాతీ మీద నిజం పతకాల రిబ్బన్లు పెట్టుకోకు. అవి ఎవరెవరు ఏం పోగొట్టుకుంటే వచ్చినవో మనకు తెలియదు. చట్టం కూడా ఉంది. భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ప్రకారం సైనికుడినని నమ్మించడానికి ఆ దుస్తులు వేసుకుంటే మూడు నెలల దాకా జైలు. నీది ఆ ఉద్దేశం కాదు, నాకు తెలుసు. నువ్వు చిన్నప్పుడు నా బెరెట్ పెట్టుకుని, అది కండ్ల మీదికి జారితే తల వెనక్కి వాల్చి ఇల్లంతా తిరిగేవాడివి. అది ఇప్పటికీ బీరువాలోనే ఉంది. నాటకం మానమని అనడం లేదు. నీ గొంతు బాగుందట, మీ చిన్నత్త చెప్పింది. డైరెక్టర్ గారితో మాట్లాడి సింహాలు తీయించి కిరీటాలు కుట్టించు. ఖర్చు నేను పంపిస్తా.

ఈ ఆదివారం ఎట్లాగూ పాత పుస్తకాలకు ఆబిడ్స్ పోతావు కదా. మామూలు బట్టల్లో ఆ ఏటీఎం దగ్గరికి పో. ఫోటోలో ఉన్నది నేనేనని చెప్పు, తప్పయిందని చెప్పు. రెండు చాయ్‌లు తెప్పించి ఆయన పక్కన కూర్చో. ఏ యూనిట్‌లో చేశాడో అడుగు. మా తోపఖానా అంటే మాత్రం అక్కడి నుంచే నాకు ఫోన్ కలిపి ఆయన చేతికియ్యి.

మీ తాత