బోర్డు చదివి బస్సెక్కుదాం

అక్కలారా, పెళ్ళికో ఆసుపత్రికో తప్ప మనం ఊరు దాటడం తక్కువ. ఊరికే చూసి రావడానికి ఎప్పుడైనా పోయామా? ఈ పాఠంలో పోదాం. మదనపల్లెలో బయలుదేరి, పుంగనూరు మీదుగా కుప్పం పోదాం.

ముందు మదనపల్లెలో ఒకటి చూడాలి. బీసెంట్ థియొసాఫికల్ కాలేజి. అనిబిసెంట్ అమ్మ 1915లో పెట్టింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. తాను రాసిన జనగణమన పాట పాడి వినిపించారు. ప్రిన్సిపాలు గారి భార్య మార్గరెట్ కజిన్స్‌కు సంగీతం తెలుసు. ఆమె ఆ పాట వరసను రాసిపెట్టింది. ఠాగూర్ ఆ పాటను ఇంగ్లీషులో రాసింది కూడా ఇక్కడే. బడిలో మన పిల్లలు పాడే పాట అదే.

ఇక బస్టాండుకు పోదాం. 'అన్నా, ఈ బస్సు యాడికి పోతుంది?' అని అడగొద్దు. బోర్డు చదవండి. పుం-గ-నూ-రు. కూడబలుక్కుని చదివినా ఫరవాలేదు.

బస్సు రకం కూడా చదవాలి. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టిక్కెట్టు ఇస్తారు. పక్క రాష్ట్రానికి పోయే బస్సులో ఇది చెల్లదు. కుప్పం వైపు అలాంటి బస్సులూ తిరుగుతాయి. చదవకుండా ఎక్కితే చేతి డబ్బు పోతుంది.

పుంగనూరు అనగానే పొట్టి ఆవు గుర్తొస్తుంది. ఎత్తు దాదాపు మూడడుగులే. పాలు కొంచెమే ఇస్తుంది, కానీ వెన్న మెండు. కరువులో కూడా తక్కువ మేతతో బతుకుతుంది. పాలు ఎక్కువ వస్తాయని సీమ ఆవులు తెచ్చుకుని, దీన్ని వదులుకున్నది మనమే. పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో ఈ జాతిని కాపాడుతున్నారు. పలమనేరు మన దారిలోనే వస్తుంది.

కుప్పం చేరాం. ఇక్కడ ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. మూడు భాషలూ వినబడతాయి. అందుకే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ పెట్టారు.

ఆకలేస్తోందా? హోటల్లో కూర్చునే ముందు గోడ మీది రేట్ల బోర్డు చదవండి. తిన్నదానికి లెక్క మనమే వేసుకుందాం. సంగటి, ఊరిబిండి అడగండి. మన సంగటిని కన్నడం వాళ్ళు ముద్దె అంటారు. అరవం వాళ్ళు కళి అంటారు. చలికాలమైతే పితికిపప్పు ఉందేమో అడగండి. అనపగింజలు నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్ళతో పితికి తోలు తీయాలి. ఇంట్లో ఆ పని ఎవరిదో మీకు తెలుసు. ఈ ఒక్కరోజు ఇంకొకరు పితికింది మనం కూర్చుని తిందాం.

తిన్నాక మళ్ళీ బస్టాండుకు రండి. కర్ణాటక బస్సు కనబడితే దాని బోర్డు చూడండి. బంగారపేట అని ఉంటే బ, గ, ర మీకు తెలిసిన అక్షరాల మాదిరే ఉంటాయి. సున్న కూడా మన సున్నే. తలకట్టు కాస్త వేరు. తెలుగు, కన్నడ అక్షరాలు ఒకే పాత లిపి నుంచి పుట్టాయి. మీరు నేర్చుకున్నది తెలుగు. సగం కన్నడం ఊరికే వచ్చింది! అరవం అక్షరాలు మాత్రం అట్లా చిక్కవు.

రెండు వైపుల మనుషులు కలిసే ఊళ్ళు లోకంలో ఇంకా ఉన్నాయి. టర్కీ దేశంలో ఇస్తాంబుల్ అనే పాత నగరం ఉంది. దాని మధ్యలో సముద్రపు పాయ. ఒక ఒడ్డు ఆసియా ఖండం, ఇంకో ఒడ్డు ఐరోపా ఖండం. 1973లో ఆ పాయ మీద మొదటి పెద్ద వంతెన కట్టారు. పడవల్లోనూ దాటుతారు. ఒక ఒడ్డున మసీదులు చూసి, ఇంకో ఒడ్డున భోంచేయవచ్చు. 1928లో ఆ దేశం పాత లిపిని మార్చి కొత్త అక్షరాలు పెట్టింది. అప్పుడు చదువుకున్న పెద్దవాళ్ళు కూడా మనలాగే మళ్ళీ అక్షరాలు దిద్దారు.

పలక తీసుకోండి. మీ ఊరి నుంచి కుప్పం దాకా దారిలో వచ్చే ఊళ్ళ పేర్లు వరసగా రాయండి. మీ ఆధార్ కార్డు మీద మీ పేరు సరిగ్గా ఉందో లేదో చదివి చూసుకోండి.