పచ్చని మేతలో ఆకలి

పశుపోషణ అనగానే మనకు గడ్డి, తవుడు, తెలగపిండి స్ఫురిస్తాయి. ఇనుము, రాగి, జింకు, మాంగనీసు, అయొడీను, సెలీనియము, కోబాల్టు మొదలైనవి మేతలో మిక్కిలి అల్పముగా ఉన్నను, అవి లేనిదే పశువు బ్రతుకదు. వీనిని సూక్ష్మ ఖనిజములు అంటారు. అన్నింటినీ వరుసగా వర్ణించుట కన్న ఒక్క కోబాల్టు చరిత్ర చెప్పుకొనుట విద్యార్థులకు ఎక్కువ ఉపయోగకరమని మేము తలచుచున్నాము.

న్యూజిలాండు ఉత్తర ద్వీపపు మధ్యభాగంలో అగ్నిపర్వతముల బూడిదతో ఏర్పడిన నేలలు కలవు. అక్కడ పచ్చికకు కొదువ లేదు. అయినను గొర్రెలు, ఆవులు మేత మాని, రక్తహీనమై, చిక్కి శల్యమై చనిపోయేవి. మందను కొన్ని నెలలు వేరొక నేలకు తోలుకొని పోతే తేరుకొనేవి. లోపం నేలలోనే ఉన్నదని దీనివల్ల తేలింది. ఆస్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఇది ఇనుము లోటని భావించి, లిమొనైటు అను ఇనుప ఖనిజమును పెట్టించాడు. పశువులు కోలుకొన్నాయి. ఇంకేమి కావాలి? సిద్ధాంతం రుజువైనట్లే కనిపించింది.

కాని ఒక చోట త్రవ్విన లిమొనైటు గుణమిచ్చేది, మరొక చోటిది ఇచ్చేది కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో అండర్‌వుడ్, ఫిల్మర్ అనువారు రోగపు గొర్రెల కాలేయములను పరీక్షించగా, అందులో ఇనుము తక్కువ లేదు సరికదా, అధికంగా ఉన్నది! లిమొనైటు నుండి ఇనుమును తొలగించి, మిగిలిన ద్రవమును పెట్టినా గొర్రెలు బాగుపడినవి. ఆ ద్రవములోని కోబాల్టే అసలు మందని 1935లో తేల్చారు. దక్షిణ ఆస్ట్రేలియాలో మార్‌స్టన్, లైన్స్ కూడా అదే సంవత్సరం ఈ నిర్ణయానికే వచ్చారు. గొర్రెకు దినమునకు ఒక్క మిల్లీగ్రాము చాలును. మందుతో రోగం తగ్గినంతనే కారణం తెలిసిందనుకొనే తొందర మన వైద్యంలోనూ, విద్యలోనూ తక్కువేమీ కాదు.

మరొక వింత. కోబాల్టును సూదిమందుగా ఎక్కిస్తే ఫలితం ఉండదు. నోటి ద్వారానే పోవాలి. 1948లో వేరుచేయబడిన బి12 విటమినులో కోబాల్టు కనిపించడంతో ఈ చిక్కు విడిపోయింది. గొర్రె పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు కోబాల్టుతో ఈ విటమినును తయారు చేస్తాయి. గడ్డి పులిసినప్పుడు పుట్టే ప్రొపియోనిక్ ఆమ్లమును శరీరం చక్కెరగా మార్చుకొనుటకు బి12 అవసరం. అది లేనిచో ఆకలియే చచ్చిపోతుంది. బక్రీదుకు పొట్టేలును కొనేటప్పుడు అనుభవజ్ఞులు దాని క్రింది కనురెప్ప తిప్పి ఎరుపు చూస్తారు. పాలిపోయిన రెప్పకు కడుపులోని పురుగులే కారణం కానక్కరలేదు, సూక్ష్మ ఖనిజపు లోటూ కావచ్చును.

ఖనిజములు ఒకదానికొకటి అడ్డుపడుట మరింత సూక్ష్మమైన విషయం. ఇంగ్లండులోని సోమర్‌సెట్ పచ్చికలలో మాలిబ్డినం ఎక్కువై ఆవులకు విరేచనములు పట్టుకొనేవి. రాగి ఇస్తే తగ్గేవి. మాలిబ్డినం, గంధకము కలిసి పెద్దపొట్టలో రాగిని బంధిస్తాయి. మన నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ గ్రామాల పిల్లలకు మోకాళ్ళు లోనికి వంగుటను 1970ల నాటి పరిశోధకులు పరిశీలించినప్పుడు, జొన్నలోని మాలిబ్డినం, రాగిలోటు కూడా చర్చకు వచ్చినవి.

అట్లని రాగిని ధారాళంగా పెట్టరాదు. గొర్రె కాలేయం రాగిని నెలల తరబడి చప్పుడు లేకుండా దాచుకొని, ఒకనాడు హఠాత్తుగా రక్తంలోనికి వదలుతుంది. ఎర్రకణములు పగిలి, కామెర్లు కమ్మి, మూత్రం నల్లనై, రెండు మూడు దినములలో ప్రాణం పోతుంది. కనుక ఆవులకని తయారైన ఖనిజ మిశ్రమమును, చవకగా దొరికినదని, గొర్రెల తొట్టిలో పోయకూడదు. సంచి మీది చీటీ చదువరాని కాపరికి ఈ మాట మన విద్యార్థులే చెప్పాలి.