ఇరుకు దారిలో ఓడ నడక

సముద్రానికి వందల మైళ్ళ దూరంలో ఉన్న షాబాద్ వాడికి ఓడరేవు సంగతులెందుకని పాఠకులు నవ్వుకోవచ్చు. మా దిక్కున పెద్ద నీళ్ళంటే చెరువే. కాని నిరుడు కాలేజీ యాత్రలో విశాఖపట్నం వెళ్ళినప్పుడు రాస్ హిల్ మీద నిలబడి, డాల్ఫిన్స్ నోస్ కొండకూ మాకూ నడుమ ఉన్న కాలువలో ఒక భారీ ఓడ లోపలికి రావడం చూశాను. ముందొక టగ్గు, వెనకొక టగ్గు. సైకిలు కంటే నెమ్మది. "ఇంత పెద్ద ఓడకు ఇంత భయమా!" అన్నాడు మిత్రుడు. నాకు మాత్రం మా నాయిన ట్రాక్టరు గుర్తుకొచ్చింది.

ఆ ముందటేడు క్యారెట్ లోడుతో మార్కెట్టుకు పోతూ, కల్వర్టు దగ్గరి దిగుడులో నాయిన బ్రేకు తొక్కాడు. ఇంజను ఆగబోయింది, వెనక ట్రాలీ ఆగలేదు. అది నెట్టిన నెట్టుడుకు ట్రాక్టరు పక్కకు ఒరిగి, నాయిన భుజం ఎముక విరిగింది. "బ్రేకు నా కాలికిందనే ఉన్నది గాని బరువు నా చేతిల లేకపాయె బిడ్డా" అన్నాడు. మన భౌతికశాస్త్ర పుస్తకం దీన్నే ద్రవ్యవేగం అంటుంది.

కాస్త లెక్క వేద్దాం. 5 టన్నుల ట్రాక్టరు సెకనుకు 4 మీటర్ల వేగంతో పోతే ద్రవ్యవేగం 20,000 ప్రమాణాలు. 50,000 టన్నుల ఓడ కేవలం 6 నాట్లతో, అనగా సెకనుకు సుమారు 3 మీటర్లతో కదిలితే అది 15 కోట్లు. అంటే ఏడువేల ఐదువందల రెట్లు! పైగా నీటిలో ఓడకు బ్రేకు లేదు. మర వెనక్కి తిప్పినా చాలా దూరం సాగి గాని ఆగదు. కనుక వేగాన్ని ముందుగానే తగ్గించుకోవాలి. వేగం సగమైతే గతిశక్తి నాలుగో వంతవుతుంది.

అలాగని మరీ తగ్గించినా చిక్కే. చుక్కాని మీదుగా నీరు తగినంత వేగంగా పారకపోతే ఓడ మాట వినదు. టగ్గుల అవసరం అక్కడే. ఇరుకు కాలువలో బెర్నౌలీ సూత్రమూ పని చేస్తుంది. ఓడ అడుగుకూ నేలకూ మధ్య నీరు వడిగా పారి పీడనం తగ్గుతుంది, ఓడ మరికొంత లోతుకు దిగుతుంది. ఈ దిగుడు దాదాపు వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. గట్టుకు దగ్గరగా పోతే వెనకభాగాన్ని గట్టు లాగుకుంటుంది.

విశాఖ రేవులోకి 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొదటగా ప్రవేశించింది. అలల నుండి కాలువ ముఖాన్ని కాపాడటానికి 'జానస్', 'వెల్లెడ్సన్' అనే రెండు పాత ఓడలను కావాలనే ముంచారు. 1970లలో వెలుపలి హార్బరు ఏర్పడింది. సరకు ఓడలు, నౌకాదళం, షిప్‌యార్డు, చేపల పడవలు అన్నీ అక్కడే. ఇంత రద్దీలో క్షేమంగా నడవడానికి 1972 నాటి అంతర్జాతీయ నియమాలు (అమలు 1977 నుండి) ఆధారం. ముఖ్యమైనవి ఇవి:

1. కళ్ళతో, చెవులతో, రాడార్‌తో ఎడతెగని కాపలా ఉండాలి.

2. ఇరుకు కాలువలో కుడి అంచు పట్టి పోవాలి. ఎదురుబొదురైతే ఇద్దరూ కుడికే తిరగాలి.

3. ఎదుటి ఓడ దగ్గరవుతూ, కనిపించే దిక్కు మాత్రం మారకుంటే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే.

4. అడ్డంగా వచ్చే ఓడ మన కుడివైపున ఉంటే దారి మనమే ఇవ్వాలి. రాత్రిపూట దాని ఎడమవైపు ఎర్రదీపం మనకు కనిపిస్తుంది. ఎరుపంటే ఆగుమన్నట్టే!

5. 20 మీటర్లలోపు పడవలు, తెరచాప పడవలు, చేపలు పట్టే పడవలు కాలువలో తప్ప పోలేని పెద్ద ఓడకు అడ్డు రారాదు. మా పొలం గట్ల మీద మోపు ఎత్తుకున్నవానికి ఉత్తచేతులవాడు దారి ఇవ్వడు మరి?

6. ఒక పొట్టి కూత కుడికి, రెండు ఎడమకు, మూడు మర వెనక్కి. ఐదు కూతలంటే "నీ ఉద్దేశం నాకు అర్థం కాలేదు" అని.

రేవు దారి తెలిసిన పైలట్ ఓడ ఎక్కినా కెప్టెన్ బాధ్యత తీరదు. ఇద్దరూ లోతు, వేగం, టగ్గుల సంగతి ముందే మాట్లాడుకోవాలి.

ఇవి తప్పితే ఏమవుతుంది? 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో 'ఇమో' ఓడ తన దారి కాని ఎడమవైపున వస్తోంది. ఎదురుగా పేలుడు పదార్థాలతో 'మాంట్ బ్లాంక్'. రెండూ కూతలు వేసుకున్నాయి. నా దారి నాదేనని ఇద్దరూ అన్నారు. చివరి నిమిషంలో తప్పించుకోబోయి ఢీకొన్నాయి. మంట పుట్టి కొద్దిసేపటికే మాంట్ బ్లాంక్ పేలిపోయింది. 1,700 మందికి పైగా చనిపోయారు. ఢీకొన్నప్పుడు వేగం పెద్దదేమీ కాదు. సంకేతాలు లేకనూ కాదు, లొంగేవాడు లేకనే.

మా నాయిన భుజం నయమైంది. ఇప్పుడు ఆ దిగుడు రాకముందే గేరు తగ్గిస్తాడు, ఎదురుగా ఎవరొచ్చినా తానే ముందు పక్కకు తీస్తాడు. విశాఖ చూడకుండానే ఆయన ఓడల పాఠం నేర్చాడు. నేను చూసివచ్చి, పుస్తకం తిరగేసి నేర్చాను.

— బి.యస్సీ., ద్వితీయ సంవత్సరం