ఈమెయిల్ ద్వారా అందే వాతావరణ సూచనల ముద్రణలో చిత్రలోపాలు: కారణాలు, సవరణలు

మచిలీపట్నం చెంతనున్న గిలకలదిండి రేవులో పడవ కట్టే మత్స్యకారునికీ, గుడివాడ ప్రాంతపు మాగాణిలో కోతకు సిద్ధమైన వరి రైతుకూ నవంబరు, డిసెంబరు నెలల్లో కావలసిన కబురు ఒక్కటే: బంగాళాఖాతంలో ఏమి జరుగుతున్నది, అది ఎటు కదులుతున్నది. 1864 నవంబరులో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలను మరువని ప్రాంతమిది. భారత వాతావరణ శాఖ తుపాను బులెటిన్లు, మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలు, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే చేపల లభ్యతా ప్రాంతాల సూచనలు నేడు ఈమెయిల్ ద్వారా కూడా అందుతున్నాయి. అయితే గ్రామంలో వాటి చివరి రూపం తరచు కాగితమే. గాలివానకు కరెంటు పోయి, సెల్‌ఫోన్ టవర్లు పనిచేయని వేళ గోడమీద మిగిలేదీ అదే. ఆ కాగితంపై పటం ఉండవలసిన చోట ఖాళీ గడి మాత్రమే కనబడితే సూచన సగమే అందినట్లు.

ఈమెయిల్ మొదట అక్షరాల కోసమే ఏర్పడిన సాధనం. 1990లలో రూపొందిన మైమ్ ప్రమాణం వల్ల దానిలో చిత్రాలకు చోటు కలిగింది. చిత్రం ఉత్తరంలో రెండు విధాల ఉండవచ్చు. మొదటి విధానంలో అది ఉత్తరంతోనే ప్రయాణిస్తుంది. ప్రతి మూడు బైట్లు నాలుగు అక్షరాలుగా మారతాయి గనుక 3 ఎంబీ చిత్రం సుమారు 4 ఎంబీ అవుతుంది. రెండవ విధానంలో ఉత్తరంలో ఉండేది చిత్రపు చిరునామా మాత్రమే. చిత్రం వేరొక సర్వరులో ఉంటుంది. ఉత్తరం తెరిచినప్పుడు అక్కడినుండి రావాలి. పంపినవారి కంప్యూటరులో కనబడిన పటం అందుకున్నవారి కాగితం మీద లేకపోవడానికి ఎక్కువగా ఈ రెండవ విధానమే మూలం.

ఆకు పసుపెక్కినంత మాత్రాన యూరియా చల్లరాదు. నత్రజని లోపమా, జింకు లోపమా, డెల్టా చివరి భూముల్లో చౌడు ప్రభావమా అని ముందు తేల్చుకోవాలి. ముద్రణలోపానికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. మొదట చూడవలసినది తెర. తెరమీద చిత్రం లేకపోతే ప్రింటరును తప్పుపట్టి ప్రయోజనం లేదు. భద్రత దృష్ట్యా ఔట్‌లుక్ వంటి ప్రోగ్రాములు బయటి చిత్రాలను వాటంతట అవి తెచ్చుకోకుండా ఆపుతాయి; పంపినవారు నమ్మదగినవారని నిర్ధారించుకొని 'డౌన్‌లోడ్ పిక్చర్స్' అన్న ఆదేశం ఇవ్వాలి. జీమెయిల్‌లో అడిగి చూపే అమరిక ఉంటే 'డిస్‌ప్లే ఇమేజెస్' నొక్కాలి. నెట్ మందంగా ఉన్నచోట చిత్రం పూర్తిగా దిగకముందే ప్రింట్ ఆదేశం ఇవ్వడం కూడా సామాన్యంగా జరిగే పొరపాటు.

తెరమీద ఉండి ప్రింట్ ప్రివ్యూలో లేకపోతే లోపం ముద్రణ అమరికలలో ఉన్నది. చిత్రం అక్షరాల వెనుక నేపథ్యంగా అమరి ఉంటే, సిరా ఆదా కోసం బ్రౌజర్లు దానిని వదిలివేస్తాయి. 'బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్' ఎంపికను గుర్తించాలి. ప్రివ్యూలో కూడా సరిగా ఉండి కాగితం మీద రాకపోతేనే ప్రింటరు, డ్రైవరు, సిరా వంతు వస్తుంది. అప్పుడు ఉత్తరాన్ని పిడిఎఫ్‌గా భద్రపరచి దానిని ముద్రించి చూడటం తేలిక మార్గం.

కుడి అంచు తెగిపోవడం మరొక లోపం. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. 1000 పిక్సెళ్ల పటాన్ని అంగుళానికి 96 పిక్సెళ్ల చొప్పున ముద్రిస్తే సుమారు 265 మిల్లీమీటర్లు కావాలి. ఆంధ్ర తీరపు పటంలో కుడివైపున ఉండేది బంగాళాఖాతం. తెగిపోయేది సముద్రమూ, అందులోని వాయుగుండమూ. క్షేమంగా కాగితం మీదికి వచ్చేది తెలంగాణ. 'ఫిట్ టు పేజ్' ఎంచుకోవడం, లేదా కాగితాన్ని అడ్డంగా పెట్టడం దీనికి సవరణ.

ఈ లోపాలన్నీ కంటికి కనబడేవి. కనబడనిది రంగుల లోపం; అన్నిటికంటె అపాయకరమైనది కూడా అదే. వాతావరణ శాఖ హెచ్చరికలలో ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే చర్య తీసుకోవాలి. రంగును బూడిద ఛాయగా మార్చడానికి విస్తృతంగా వాడే సూత్రంలో ఎరుపుకు 29.9, ఆకుపచ్చకు 58.7, నీలానికి 11.4 శాతం విలువ ఇస్తారు. నలుపును 0గా, తెలుపును 255గా తీసుకుంటే, ఈ లెక్కన నిండు పసుపు 226 వద్ద, సాధారణ నారింజ 173 వద్ద, నిండు ఎరుపు 76 వద్ద నిలుస్తాయి. కంప్యూటర్లలో సర్వసాధారణమైన ముదురు ఆకుపచ్చ విలువ 75. అంటే నలుపు తెలుపు ప్రింటరులో 'భయం లేదు' అన్న రంగూ 'వెంటనే కదలండి' అన్న రంగూ ఒకే ఛాయగా దిగవచ్చు. ఖాళీ గడిని చూసినవాడు అనుమానించి ఫోన్ చేసి కనుక్కుంటాడు. ఇటువంటి పటాన్ని చూసినవాడు నమ్ముతాడు. పనలు చేనిమీద ఉన్న రైతుకు ఆ నమ్మకం విలువ ఒక పంట. పడవ తీయబోయేవాని విషయంలో అది ప్రాణంతో ముడిపడి ఉంటుంది.

కాబట్టి నలుపు తెలుపు ముద్రణ తప్పనప్పుడు జిల్లా పేరు పక్కన రంగు పేరును తెలుగులో, చేతితో, పెద్ద అక్షరాలతో రాయాలి. మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రాన్ని మాత్రం నలుపు తెలుపులో ముద్రించకపోవడమే మేలు. రంగుల తేడాయే దాని సారాంశం. నత్రజని మోతాదుకు వాడే ఆకు రంగుల పట్టికను మెయిల్ నుండి రంగుల్లో ముద్రించుకున్నా వాడరాదు. ప్రింటరు ప్రింటరుకూ పచ్చదనం మారుతుంది. అసలు పట్టికనే పొలానికి తీసుకువెళ్లాలి.

సూచనలు పంపేవారి బాధ్యత కూడా తక్కువ కాదు. పటాన్ని ఉత్తరంలో పొదగడంతో పాటు పిడిఎఫ్‌గా జతచేయాలి. పటం చెప్పేదాన్ని రెండు వాక్యాల్లో అక్షరరూపంలోనూ ఇవ్వాలి. ఇన్‌కాయిస్ సూచనల్లో పటంతో పాటు తీర కేంద్రం నుండి దిక్కు, దూరం, లోతు, అక్షాంశ రేఖాంశాలు పట్టికగా ఉండటం ఇందుకు మంచి నమూనా. చిత్రం పోయినా పడవ దారి పోదు.

ముద్రించిన ప్రతి కాగితం మీద బులెటిన్ వెలువడిన తేదీ, గంట కనబడాలి. అవి తరచు పటం అంచున ఉండి తెగిపోతాయి గనుక లేకపోతే చేతితో చేర్చాలి. తుపాను దశలో మూడు గంటలకొక బులెటిన్ వస్తుంది. కొత్తది అతికించేటప్పుడు గోడమీది పాత కాగితాన్ని తీసివేయాలి.