సొంతముగా ప్రాక్టీసు పెట్టిన న్యాయవాది

పెద్ద వకీలుగారి యొద్ద నాలుగైదేండ్లు జూనియరుగా నుండి, ఆయన వెంట కట్టలు మోసి, వాయిదాలు వ్రాసికొని, ఆయన రాలేని దినమున తాను లేచి నిలిచి గడువు కోరి, క్రమక్రమముగా వృత్తిమర్మములు గ్రహించిన యువకుడు, ఒక శుభదినమున గురువుగారికి నమస్కరించి సెలవు పుచ్చుకొని, కోర్టు వీధిలో నొక చిన్న గదిని అద్దెకు తీసికొని, గుమ్మమున తన పేరు గల బోర్డును కట్టినప్పుడు, వానికిక స్వాతంత్ర్యము వచ్చినదని బంధుమిత్రు లెల్లరు సంతసింతురు. ఆ సంతోషములో వారికి గోచరింపని సంగతి యొకటి కలదు. నిన్నటివరకు పొరపాటు జరిగిన మందలించుటకును, తెలియనిచోట దారి చూపుటకును, కక్షిదారు కోపించినప్పుడు సమాధానపరచుటకును పైన నొక పెద్ద యుండెను. నేటినుండి ఆ పెద్దరికమును అతడే తనమీద తాను నెరపుకొనవలెను. నా యభిప్రాయమున సొంత ప్రాక్టీసనగా నిదియే. అద్దె గదియు, బోర్డును కేవలము బాహ్యచిహ్నములు.

మన దేశమున న్యాయవాది తన విద్యను చాటుకొనరాదు. 1961వ సంవత్సరపు న్యాయవాదుల చట్టము క్రింద బార్ కౌన్సిలు చేసిన నియమములు ప్రకటనలను, దళారుల ద్వారా వ్యాజ్యములను సంపాదించుటను నిషేధించుటయే గాక, గుమ్మమున గట్టు బోర్డు సైతము మితమైన పరిమాణమున నుండవలెనని శాసించుచున్నవి. వ్యాజ్యపు ఫలితములో వాటా కోరరాదనియు, కక్షిదారు సొమ్మునకు సరియైన లెక్క యుంచవలెననియు అవియే విధించుచున్నవి. కావున క్రొత్తవానికి ప్రతీక్ష తప్పదు. ఉదయముననే గది యూడ్పించి, వకాల్తా ఫారములు బల్లపై సర్దుకొని కూర్చుండగా, మెట్లమీద అడుగుల చప్పుడు వినబడినపుడెల్ల గుండె యొకసారి యెగసిపడును. ఆ యడుగులు ప్రక్క గదిలోని పెద్ద ప్లీడరుగారి గుమ్మము దాటి లోనికి పోవును. సాయంకాల మింటికి వచ్చిన కుమారుని తల్లి “ఎవరైనా వచ్చిరా, నాయనా?” యని యడుగును. ఆ ప్రశ్నకు నిత్యము బదులు చెప్పుచు ఆరు మాసములు గడపుట యెంతటి పరీక్షయో అనుభవించినవారికే యెరుక. దళారి కాలు మోపునది సరిగా నట్టి దినములలోనే.

ఈ దశను తలచినప్పుడెల్ల నాకు గాంధీమహాత్ముని వృత్తిజీవితము స్ఫురించును. 1891వ సంవత్సరము జూను 10వ తేదీన లండనులో బారిస్టరు పట్టము పొంది స్వదేశమునకు వచ్చిన ఆ యువకుడు బొంబాయిలో నివాసమేర్పరచుకొని, హైకోర్టులో ఇతరుల వాదములు వినుచు దినములు పుచ్చెను. తుదకు స్మాల్ కాజు కోర్టులో నొక చిన్న వ్యాజ్యము వచ్చెను. దళారికి కమీషను ఇయ్యవలెనని చెప్పినను ఆయన ఇయ్యలేదు. 30 రూపాయలు ఫీజు. సాక్షిని అడ్డుప్రశ్నలడుగుటకు లేచి నిలిచినంతనే తల తిరిగి, నోట మాట రాక, సొమ్ము తిరిగి ఇచ్చివేసి, పటేలను వకీలును పెట్టుకొనుడని చెప్పి కోర్టు వెడలిపోయెను. ఆ పటేలు 51 రూపాయలు పుచ్చుకొని పని సులువుగా ముగించెను. పిదప ఆ బారిస్టరు 75 రూపాయల జీతముపై ఇంగ్లీషు బోధించు ఉపాధ్యాయ పదవికి దరఖాస్తు పెట్టగా, పట్టభద్రుడు కాడను కారణమున అదియు దక్కలేదు.

అక్కడినుండి రాజకోటకు పోయి, బీదసాదల అర్జీలు, మెమోరియళ్లు వ్రాయుచు నెలకు దాదాపు 300 రూపాయలు సంపాదింపసాగెను. ఆ సంపాదన తన సామర్థ్యమువలన గాక, అన్నగారి భాగస్వామియైన వకీలు పలుకుబడివలన వచ్చినదని ఆత్మకథలో ఆయనయే దాచక చెప్పెను. అంతకన్న ముఖ్యమైన విషయము వేరొకటి కలదు: బొంబాయిలో దళారికి నిరాకరించిన కమీషనును, పని పంపిన వకీళ్లకు రాజకోటలో ఇయ్యక తప్పలేదని, అన్నగారి వాదమునకు లొంగితినని ఆయన ఒప్పుకొనెను. మహాపురుషుల చరిత్రలలో ఇట్టి పుటలు మన పిల్లలకు తప్పక చదివి వినిపింపవలసినవని నేను దృఢముగా విశ్వసింతును. ఆకలిగొన్న ప్రాక్టీసు ఎంతటివానినైనను ఒకమారు వంచగలదు. వంగితినని తానే గుర్తించినవాడు మరల నిటారుగా నిలువగలడు.

1893లో దాదా అబ్దుల్లా కంపెనీవారి వ్యాజ్యముకొరకు, ఒక సంవత్సరమునకు 105 పౌనుల ప్రతిఫలముపై ఆయన దక్షిణాఫ్రికాకు పోయెను. 40,000 పౌనుల దావా యది. సంగతి యంతయు జమాఖర్చులలో నుండెను. తనకు లెక్కల శాస్త్రము తెలియదని గుర్తించి, ఆయన గ్రంథమొకటి కొని చదివి, కక్షిదారు చిట్టాలన్నిటిని శ్రద్ధతో పరిశీలించెను. వాదోపవాదములకన్న సత్యమైన వివరములే వ్యాజ్యమునకు బలమని అచ్చట ఆయనకు బోధపడెను. వాదిప్రతివాదు లిరువురును చుట్టములు, ఒకే యూరివారు. కోర్టు ఖర్చులు ఇరువురిని మ్రింగుచుండగా, ఆయన పూనికమీద వివాదము మధ్యవర్తికి పోయి, దాదా అబ్దుల్లాకు 37,000 పౌనులును ఖర్చులును లభించెను. ఆ సొమ్మంతయు ఒక్కసారి చెల్లించినచో ఓడిన వర్తకుడు దివాలా తీయవలసినదే. కావున వాయిదాలమీద పుచ్చుకొనుటకు గెలిచినవారిని ఒప్పించుటకే ఆయన యెక్కువ శ్రమపడెను. 1894లో నేటాలున నిలిచిపోవ నిశ్చయించినపుడు, ప్రజాసేవకు ప్రతిఫలము వలదని చెప్పగా, ఇరువదిమంది వర్తకులు తమ వ్యవహారముల నిమిత్తము ఏడాదికి ముందుగా ఫీజు ఇచ్చి ఆయనను నియమించుకొనిరి. బొంబాయిలో నోరు పెగలనివాని సొంత ప్రాక్టీసు డర్బనులో ఈ విధముగా నిలద్రొక్కుకొనెను.

ఇందు మన క్రింది కోర్టులలోని యువకునకు పనికివచ్చునది చాల కలదు. పల్లెనుండి వచ్చిన రైతు సంచిలోనుండి తీసి బల్లపై పరచిన పట్టాదారు పాసుపుస్తకమును, అడంగలు నకలును, చినిగిన విక్రయ దస్తావేజును సాంతము చదువక మునుపే “కేసు మనదే, గెలుతుము” అని చెప్పివేయుట క్రొత్తవాని సహజదౌర్బల్యము. కక్షిదారు లేచిపోవునేమో యను భయమే దానికి మూలము. హద్దులలో నొక్క సర్వే నంబరు తప్పియున్నచో ఆ మాట తరువాత ఎంత లోతునకు దింపునో! జవాబుదావా దాఖలు చేయుటకు సమను అందిన పిదప 30 దినములు గడువు, మిక్కిలి పొడిగించినను 90 దినములు. ఈ లెక్కను గుర్తుచేయు గురువుగారు ఇపుడు ప్రక్కన లేరు. వాయిదాల పుస్తకమును ప్రతి రాత్రియు తానే తిరుగవేసికొనవలెను.

అన్నిటికన్న కష్టమైనది “నాకిది తెలియదు” అనుట. గాంధీగారు తన యజ్ఞానమును కక్షిదారులయొద్ద గాని, తోటివారియొద్ద గాని యెన్నడును దాచలేదు. తెలియనిచోట వేరొకరిని సంప్రదింపుడని చెప్పెడివారు. తనయొద్దనే యుందుమన్నవారిని, పెద్ద న్యాయవాది సలహా పొందుటకు అనుమతి కోరెడివారు. ఇందువలన కక్షిదారులు తొలగిపోలేదు సరికదా, ఆ పెద్దల ఫీజును సైతము సంతోషముతో భరించిరి. అసత్యపు వ్యాజ్యమును చేపట్టననియు, సాక్షులకు మాటలు నేర్పననియు క్రొత్తగా వచ్చిన ప్రతివానికిని ముందే హెచ్చరించెడివారు.

ఒకానొక వ్యాజ్యమున మధ్యవర్తులు తమ లెక్కలో, ఖర్చు వ్రాయవలసిన చోట జమ వ్రాసిరి. ఆ పొరపాటు గాంధీగారి కక్షిదారునకే లాభకరము. ఎదుటి పక్షమువారు మధ్యవర్తుల తీర్పును వేరు కారణములపై ఆక్షేపించుచుండిరి గాని యీ తప్పును కనుగొనలేదు. దానిని మనమే బయటపెట్టినచో తీర్పంతయు రద్దు కాగలదని, అట్లైనచో తాను వాదింపనని పెద్ద న్యాయవాది చెప్పెను. కక్షిదారు గాంధీగారి మాటకే సమ్మతించెను. గాంధీగారు ఒంటరిగా లేచి నిలిచి, తప్పు నొప్పుకొని, న్యాయమూర్తి మొదట శంకించినను చలింపక విషయమును విశదీకరింపగా, న్యాయస్థానము ఆ యంకెను మాత్రము దిద్ది, తీర్పును ఆ కక్షిదారు పక్షముననే స్థిరపరచెను. ఈ వృత్తాంతము ఆత్మకథ నాలుగవ భాగమున కలదు. గది తెరచిన మొదటి వారమున, కక్షిదారులింకను రాని ఆ తీరిక సాయంకాలములలో, యువ న్యాయవాదులు ఆ యధ్యాయములను ఒక్కమారైనను చదువవలెనని నా ప్రార్థన.